ఫ్యాక్టరీ అక్కడే ఎందుకు?

అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో బెల్లం వండేటప్పుడు చూడండి. గానుగ చేను గట్టునే ఉంటుంది. నరికిన చెరకును మోపులు కట్టి అక్కడే దించుతారు. గానుగ ఆడగా వచ్చిన రసం పెద్ద పెనంలోకి పోతుంది. మిగిలిన పిప్పిని పక్కనే ఎండబెడతారు. ఎండిన ఆ పిప్పినే పొయ్యిలోకి ఎగదోస్తారు. పాకం ముదిరాక దిమ్మ కడతారు. మార్కెట్ యార్డుకు బండెక్కేది ఆ దిమ్మలు మాత్రమే. పది టన్నుల చెరకు ఆడితే చేతికొచ్చే బెల్లం సుమారు ఒక టన్ను. తక్కినదంతా ఆవిరైపోయిన నీరు, కాలిపోయిన పిప్పి, పెనం మీద తీసి పారేసిన మడ్డి. ఆ తొమ్మిది టన్నులకు కూడా కిరాయి కట్టి పట్నం చేర్చే రైతు ఎక్కడా ఉండడు. పైగా నరికిన చెరకు నిలవ ఉన్నకొద్దీ తీపి తరిగిపోతుంది. అందుకే గానుగ చేను దగ్గరకు వచ్చింది.

ఆ రైతు నోటితో వేసుకునే లెక్కనే ఆల్ఫ్రెడ్ వెబర్ అనే జర్మన్ ఆర్థికవేత్త 1909లో పుస్తకంగా రాశాడు. సామాజిక శాస్త్రం చదివినవాళ్లకు తెలిసిన మాక్స్ వెబర్‌కు ఈయన తమ్ముడు. పరిశ్రమల స్థాన నిర్ణయ సిద్ధాంతం అని కాలేజీల్లో చెప్పే పాఠం ఈ పుస్తకంతోనే మొదలవుతుంది. వెబర్ అడిగిన మొదటి ప్రశ్న ఇది: ఒక టన్ను సరుకు తయారు కావాలంటే ఎన్ని టన్నుల ముడిపదార్థాన్ని మోసుకు రావాలి? ముడిపదార్థం బరువు సరుకు బరువు కన్నా ఎక్కువైతే ఫ్యాక్టరీ గని వైపో, చేను వైపో జరుగుతుంది. తక్కువైతే కొనేవాళ్లుండే ఊరి వైపు జరుగుతుంది. ఒక టన్ను సిమెంటుకు దాదాపు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు మాచర్లలో, తాడిపత్రిలో, తాండూరులో, హుజూర్‌నగర్ ప్రాంతంలో ఉంటాయి. సున్నపురాయి నేలలు అక్కడ ఉన్నాయి కదా మరి. కూల్‌డ్రింక్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. సీసాలో ఉన్నదాంట్లో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. ఆ నీళ్లను వందల మైళ్లు మోయించడం దండగ. పాకాన్ని మాత్రం తెప్పించుకుని, తాగేవాళ్లున్న పట్నం పక్కనే నీళ్లు కలిపి సీసాల్లో నింపుతారు.

వెబర్‌కు దాదాపు 80 ఏళ్ల ముందే, 1826లో, మెక్లెన్‌బర్గ్‌లో వ్యవసాయం చేయించే ఫాన్ ట్యూనెన్ అనే భూస్వామి పంటల గురించి ఇలాగే రాశాడు. ఊరికి దగ్గరగా పాలు, కూరగాయలు. ఆ తర్వాత వంటచెరకు అడవి, ఎందుకంటే కట్టె బరువు. ఇంకా అవతల ధాన్యం. అన్నిటికన్నా దూరాన పశువులు, ఎందుకంటే అవి తమ కాళ్లతో తామే సంతకు నడిచి వస్తాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి కూరగాయలు తెల్లవారేసరికి హైదరాబాద్ రైతుబజార్లకు చేరుతున్నాయంటే ట్యూనెన్ చెప్పింది ఇంకా పాతబడలేదన్నమాట.

వెబర్ సిద్ధాంతాన్ని చేత్తో చేసి చూపించే పరికరం ఒకటుంది. ఒక చెక్కబల్ల మీద దేశపటం అంటిస్తారు. గని ఉన్నచోట ఒక రంధ్రం, బొగ్గు ఉన్నచోట ఒకటి, బజారు ఉన్నచోట ఒకటి పెడతారు. మూడు దారాలను ఒక ముడికి కట్టి, ఒక్కో దారాన్ని ఒక్కో రంధ్రంలోంచి కిందికి వదులుతారు. గని దారానికి, ఒక టన్ను ఉక్కుకు ఎంత ఖనిజం కావాలో ఆ నిష్పత్తిలో తూకపు రాయి వేలాడదీస్తారు. బొగ్గు దారానికి బొగ్గు తూకం, బజారు దారానికి సరుకు తూకం. ఇక చెయ్యి తీసేస్తే ముడి బల్ల మీద కాసేపు అటూ ఇటూ జరిగి ఒకచోట ఆగుతుంది. రవాణా ఖర్చు అన్నిటికన్నా తక్కువయ్యే చోటు అదే. ఒక దారానికి తూకం పెంచితే ముడి అటు జరుగుతుంది. భూగోళం చెప్పే ప్రతి బడిలోనూ ఈ బల్ల ఒకటి ఉండాలని నా కోరిక. కార్పెంటర్ ఒక పూటలో చేసిపెడతాడు.

ఈ దారాల్లో ఏది ఎంత గట్టిగా లాగుతుందన్నది కాలంతో మారుతుంది. తొలినాళ్ల కొలుముల్లో ఒక టన్ను ఇనుము తీయడానికి 8 టన్నులు, ఇంకా ఎక్కువ కూడా, బొగ్గు తగలబెట్టేవారు. అందుకే బ్రిటన్‌లోనూ జర్మనీలోనూ ఇనుము బొగ్గు గనుల చుట్టూ పుట్టింది. కొలుములు మెరుగవుతున్న కొద్దీ బొగ్గు తూకం తగ్గుతూ వచ్చింది. ఈ రోజుల్లో ఒక టన్ను ఉక్కుకు సుమారు ఒకటిన్నర టన్నుల ఖనిజం, ముప్పావు టన్నుకు అటూ ఇటూగా బొగ్గు, కొంత సున్నపురాయి సరిపోతాయి. 1907లో టాటా వాళ్లు సాక్చి అనే పల్లెను ఎంచుకున్నది ఇలాంటి లెక్కతోనే. మయూర్‌భంజ్‌లో ఖనిజం, ఝరియాలో బొగ్గు, సువర్ణరేఖ, ఖర్కై నదుల కలయిక దగ్గర నీరు, పక్కనే కలకత్తా రైలు. 1912కల్లా అక్కడ ఉక్కు పోతపోశారు. ఆ పల్లెనే ఇప్పుడు జంషెడ్‌పూర్ అంటున్నాం.

ఒక్క లోహాన్ని ముక్కలుగా విడగొట్టి, ఏ పని ఎక్కడ చవకైతే అక్కడ చేయడం కూడా ఉంది. మన సరిహద్దు పక్కనే ఒడిశాలో నాల్కో కంపెనీ చేస్తున్నది అదే. కొరాపుట్ జిల్లా పంచ్‌పట్‌మాలి కొండ మీద బాక్సైట్ తవ్వుతారు. ఒక టన్ను అల్యూమినియానికి 4 టన్నులకు పైగా బాక్సైట్ కావాలి. కొండ దిగగానే దామన్‌జోడిలో దాన్ని శుద్ధి చేసి, సగానికి పైగా మట్టిని అక్కడే వదిలేసి, తెల్లటి అల్యూమినా పొడి చేస్తారు. ఇక దాన్ని లోహంగా మార్చడానికి ప్రధానంగా కావలసింది కరెంటు. ఒక టన్నుకు దాదాపు 14 వేల యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి పదకొండేళ్లకు పైగా వచ్చే కరెంటు అది. కాబట్టి పొడి రైలెక్కి ఉత్తరాన తాల్చేరు బొగ్గు గనుల పక్కనున్న అంగుల్‌కు పోతుంది. విదేశాలకు పోయే పొడి విశాఖ రేవుకు వస్తుంది. గని ఒకచోట, బట్టీ ఒకచోట, ఓడ మరొకచోట. ఇంత చక్కగా కుదిరిన ఈ లెక్కలో కనబడనిది ఒకటుంది. కొండ కింద ఊళ్లు ఖాళీ చేసిన ఆదివాసీల నష్టం ఏ దారానికీ తూకంగా కట్టలేదు. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు విశాఖ ఉక్కు గురించి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే స్థాన నిర్ణయం అనే శాస్త్రాన్ని తెలుగువాళ్లు వీధుల్లోకి వచ్చి వాదించిన సందర్భం అది.

1960లలో బస్తర్‌లోని బైలదిల కొండల నుంచి కొత్తవలసకు ఒక రైలు మార్గం వేశారు. సుమారు 450 కిలోమీటర్లు. అనంతగిరి కొండల్లో సొరంగం వెంట సొరంగం తొలుచుకుంటూ వచ్చే ఆ లైను మీదే ఇవాళ మనం అరకు చూడడానికి పోతున్నాం. వేసింది మాత్రం పర్యాటకుల కోసం కాదు, జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి. బైలదిల ఖనిజం దేశంలోకెల్లా మేలైన రకాల్లో ఒకటి. అది వ్యాగన్లలో కొండ దిగి విశాఖ రేవులో ఓడెక్కి జపాన్ పోయేది. జపాన్‌లో ఖనిజమూ అంతంతమాత్రమే, ఉక్కుకు పనికొచ్చే బొగ్గూ అంతంతమాత్రమే. అయినా యుద్ధం తర్వాత వాళ్లు తమ ఉక్కు ఫ్యాక్టరీలను సముద్రపు ఒడ్డున, ఓడ నేరుగా వచ్చి ఆగేచోట కట్టుకున్నారు. ఓడ మీద ఒక టన్నును ఒక మైలు మోయడానికయ్యే ఖర్చు రైలు మీద అయ్యేదానిలో చిన్న భాగం. వేల మైళ్ల సముద్రం కన్నా కొన్ని వందల మైళ్ల నేల ఖరీదైనది. అంత దూరం ఖనిజాన్ని తీసుకుపోయి ఉక్కు చేసి లాభం తీయగలిగితే, అదే ఖనిజం కళ్ల ముందు దిగుతున్న విశాఖలో ఎందుకు తీయలేం? 1960ల ఉద్యమంలోని అసలు ప్రశ్న ఇదే. ఇందులో ప్రాంతాభిమానం ఉంది, నిజమే. దానితోపాటు గట్టి ఆర్థిక భూగోళమూ ఉంది.

1965లో విదేశీ నిపుణుల బృందం విశాఖే అనువైన చోటని చెప్పింది. కేంద్రం వెనకాడింది. 1966 అక్టోబరులో ఉద్యమకారుడు అమృతరావు గారు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం ఊరూరా పాకింది. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో పోయిన ప్రాణాలు 32. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత డబ్బు లేక ఏళ్ల తరబడి పని నత్తనడక నడిచింది. ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగింది. 1992లో పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు అప్పటికి ఉద్యోగాలకు అర్జీలు పెట్టుకునే వయసుకు వచ్చారు.

ఆ కొలిమిలో ఏమేమి పడతాయో చూడండి. ఖనిజం బైలదిల నుంచి. సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి. డోలమైట్ ఖమ్మం జిల్లా మాదారం నుంచి. మాంగనీసు విజయనగరం జిల్లా గర్భాం నుంచి. కోకింగ్ బొగ్గు ప్రధానంగా ఆస్ట్రేలియా నుంచి, ఎందుకంటే మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. ఇంతకీ నీరు? వెబర్ తన లెక్కలో నీటిని, గాలిని అంతటా దొరికే వస్తువులుగా పక్కన పెట్టేశాడు. జర్మనీ నదుల ఒడ్డున కూర్చుని రాశాడు కాబట్టి ఆయనకు అది సబబే. మన దగ్గర అలా కుదరదు. విశాఖ ఉక్కు కోసం ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వవలసి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత కియా కార్ల ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గరకు వచ్చినప్పుడూ ఇదే కథ. చెన్నై విడిభాగాల ఫ్యాక్టరీలు, బెంగళూరు బజారు, 44వ నంబరు జాతీయ రహదారి, ప్రభుత్వం ఇచ్చిన భూమి, రాయితీలు అన్నీ కుదిరాయి. కరువు సీమకు నీళ్లు హంద్రీ–నీవా కాలువ మీది గొల్లపల్లి జలాశయం నుంచి రావలసి వచ్చింది. తెలుగునాట స్థాన నిర్ణయ సిద్ధాంతం రాసేవాళ్లు నీటికి ఒక దారం, ఒక తూకం విడిగా పెట్టుకోక తప్పదు.

విశాఖ ఉక్కుకు చోటు సరిగానే కుదిరింది. కుదరనిది సొంత గని. మిగతా పెద్ద ఉక్కు సంస్థలకు తమ గనులు తమకున్నాయి. తవ్వకం ఖర్చుతో ఖనిజం వాళ్ల చేతికొస్తుంది. విశాఖ మాత్రం బజారు ధర పెట్టి కొనుక్కోవాలి. 2021 జనవరిలో కేంద్రం ఈ కర్మాగారాన్ని పూర్తిగా అమ్మేయాలని నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చి నిలబెడతామంది. ఈ మధ్యకాలంలో నష్టాల మీద ఎన్నో చర్చలు విన్నాం. పనివాళ్ల జీతాల గురించి మాట్లాడినంత గట్టిగా సొంత గని లేకపోవడం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. బల్ల మీద ముడి ఎక్కడ ఆగాలో తూకాలు చెబుతాయి. ఆ తూకాలకు ఎవరు ఎంత కిరాయి కట్టాలో, ఎవరికి ఏ గని దక్కాలో ఢిల్లీ చెబుతుంది. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది కూడా ఇదే. ఏ పరిశ్రమ ఎక్కడ బతుకుతుందన్నది సగం ప్రకృతి చేతిలో ఉంటే సగం, దూరం ఖర్చును ఎవరి ఖాతాలో రాస్తామన్నదాని చేతిలో ఉంది.

దీనికి దేశం మొత్తం మీద జరిగిన రుజువు ఉంది. 1950లలో భారత ప్రభుత్వం సరుకు కిరాయి సమానీకరణ అనే విధానం తెచ్చింది. ఉక్కు జంషెడ్‌పూర్‌లో కొన్నా బొంబాయిలో కొన్నా ఒకటే ధర. రవాణా ఖర్చును అందరికీ సమానంగా పంచేశారు. దేశమంతా పరిశ్రమలు రావాలన్న ఉద్దేశం మంచిదే. దాని ఫలితం ఏమిటంటే, గని పక్కనే ఫ్యాక్టరీ పెట్టడం వల్ల ఉండే లాభం మాయమైంది. ఉక్కుతో యంత్రాలు, మోటార్లు, బండ్లు చేసే పరిశ్రమలు బొంబాయి, పుణె, గుజరాత్, మద్రాసు వైపు పోయాయి. దక్షిణాదికీ ఇందులో లాభం ముట్టింది, ఒప్పుకోవాలి. బిహార్, బెంగాల్, ఒడిశాలు ఖనిజం తవ్వి పంపుతూ ఉండిపోయాయి. పడమటి రాష్ట్రాల పత్తికి మాత్రం ఇలాంటి సమానీకరణ లేదు. 1990ల మొదట్లో ఉక్కు మీద ఈ విధానం ఎత్తేసేసరికి, ఒకసారి పోయిన పరిశ్రమ ఇక వెనక్కి రాలేదు.

ఎందుకు రాలేదు? దానికి జవాబు వెబర్ దగ్గర పూర్తిగా దొరకదు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1890లోనే ఆ సంగతి రాశాడు. జవాబు కళ్లతో చూడాలంటే విజయవాడ ఆటోనగర్‌కు పోవాలి. కొత్త లారీ అక్కడికి ఉత్త చాసిస్‌గా వస్తుంది. ఒక షెడ్డులో క్యాబిన్ కడతారు. పక్క షెడ్డులో వెల్డింగ్. ఎదురుగా లేత్ మిషన్. నాలుగడుగులు వేస్తే కమాన్ కట్టలు బిగించే చోటు, సీట్లు కుట్టే చోటు, టైర్ల దుకాణం, తార్పాలిన్ల కొట్టు. చివరికి వెనక తలుపు మీద తామరపువ్వో, నెమలో వేసే పెయింటర్. ఒక బోల్టు కావాలంటే కుర్రాణ్ని పంపితే టీ చల్లారేలోగా తెస్తాడు. అదే వర్క్‌షాపు ఒంటరిగా ఏ పల్లెలోనో పెడితే ఆ బోల్టు కోసం ఒక రోజు పోతుంది. కోల్‌కతా–చెన్నై, హైదరాబాద్ రహదారులు కలిసే కూడలి కావడం వల్ల విజయవాడలో లారీలు ఎక్కువ. లారీలు ఎక్కువ కాబట్టి మెకానిక్కులు చేరారు. మెకానిక్కులు ఉన్నారు కాబట్టి ఇంకా లారీలు వస్తున్నాయి. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోవడాన్ని ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ 1991లో గణితంలో పెట్టి చూపించాడు. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన పనిలో అదీ ఒక భాగం.

హైదరాబాద్ మందుల పరిశ్రమ కూడా ఇలాగే పెరిగింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కర్మాగారం పెట్టారు. 1967లో ఉత్పత్తి మొదలైంది. మందుల ముడిసరుకు హైదరాబాద్ నేలలో దొరికేదేమీ కాదు. మాత్ర బరువు తక్కువ, విలువ ఎక్కువ కాబట్టి తూకం లెక్క దానికి పెద్దగా అంటదు. అక్కడ పని నేర్చిన రసాయన నిపుణులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చిన 1970 నాటి చట్టం వాళ్లకు అండ అయింది. ఒక ప్రభుత్వ సంస్థ నాటిన విద్య జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు మీదుగా శామీర్‌పేట టీకాల కంపెనీల దాకా పాకింది. మూలసంస్థ మూతపడినా విద్య ఊళ్లోనే మిగిలింది.

దానితోపాటు విషమూ మిగిలింది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి, వాగు పొడుగునా ఊళ్ల బావులు చెడిపోయాయి. వరిపైర్లు మాడాయి. ఫ్యాక్టరీ లెక్కల పుస్తకంలో ఆ నీటిని శుద్ధి చేసే ఖర్చు లేదు కాబట్టి అక్కడ మందు చవకైంది. ఆ ఖర్చు రైతు కట్టాడు. దామన్‌జోడిలో ఆదివాసీ కట్టాడు. విశాఖలో ఉక్కు కోసం భూములిచ్చి, పునరావాసం కింద ఇచ్చిన ఆర్-కార్డు చేతబట్టుకుని ఉద్యోగం కోసం ముసలివాళ్లయ్యే దాకా ఎదురుచూసిన నిర్వాసితులు కట్టారు.

ఇప్పుడు తూకాలు మళ్లీ మారబోతున్నాయి. బొగ్గు బదులు హైడ్రోజన్‌తో ఖనిజాన్ని ఇనుముగా మార్చే పద్ధతి వస్తోంది. స్వీడన్ ఉత్తరాన జలవిద్యుత్తు చవకగా దొరికేచోట అలాంటి ఫ్యాక్టరీ కడుతున్నారు. మన తీరంలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఈ పద్ధతి నిలదొక్కుకుంటే ఆస్ట్రేలియా బొగ్గు దారం తెగిపోతుంది. దాని బదులు కరెంటు లాగుతుంది. ఆ కరెంటు ఎండ నుంచి రావాలి. ఎండ, ఖాళీ నేల ఉన్నది రాయలసీమలో. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సోలార్ పార్కుకే 5,900 ఎకరాలకు పైగా పట్టింది. ఖనిజంలా కరెంటుకు బరువు లేదు, తీగ మీద పోతుంది. కాబట్టి భూమి సీమలో పోయి, ఫ్యాక్టరీ, ఉద్యోగాలు తీరంలో పుట్టే వీలు నిండుగా ఉంది. బైలదిల ఖనిజం విశాఖ మీదుగా జపాన్ పోతుంటే 1966లో మనం అడిగిన ప్రశ్నను ఇప్పుడు అనంతపురం, కర్నూలు, నంద్యాల రైతులు మనల్ని అడుగుతారు. వాళ్లకు ఎకరానికి కౌలు ఎంత, ఎన్నేళ్లకు, ఫ్యాక్టరీలో వాటా ఏమిటి? పార్కులకు భూములు తీసుకునే ముందే ఇది కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వాలి.